జమాఖర్చుల ఇంగ్లీషు

భద్రాద్రికి పోయిన వారందరును రామదాసు కథ వినియే వత్తురు. 17వ శతాబ్దమున పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా నుండిన కంచెర్ల గోపన్న సర్కారు సొమ్ముతో గుడి కట్టించి, ఆ బాకీ క్రింద గోలకొండ చెరసాలలో మ్రగ్గెనని ఆ కథ. భక్తులకు అది భక్తికథ. లెక్కలు వ్రాయువారికి అందు మరియొక సంగతియు కనిపించును. తహసీలు, వసూలు, బాకీ, జమ, ఖర్చు, రసీదు - ఇవన్నియు అరబ్బీ, పారసీకముల నుండి కచేరీల మీదుగా మన యిండ్లలోనికి వచ్చిన మాటలు. నేడవి పరాయివని ఎవరికిని తోచదు. ఒకప్పుడు మనవారు వానిని నేర్చి తమవిగా చేసికొనిరి. ఇప్పుడు ఇంగ్లీషు వంతు వచ్చినది.

ఖమ్మము మిర్చి బజారు మొదలు చర్ల, దుమ్ముగూడెము అడవి అంచుల వరకు గల మన యువతీయువకులలో కొందరు కంపెనీల లెక్కల కొలువులకై వాణిజ్యపు ఇంగ్లీషు పరీక్షలకు కూర్చొనదలచుచున్నారు. 1979లో జపానులో మొదలైన టోయిక్, 1993లో కేంబ్రిడ్జివారు ప్రారంభించిన బిజినెస్ ఇంగ్లీషు పరీక్షలు ఇట్టివి. ఇవి లెక్కలు వచ్చునా అని అడుగు పరీక్షలు కావు. వ్యాపార పత్రమును చదివి, సంభాషణను విని, అర్థము గ్రహింపగలరా అని చూచునవి. చిక్కంతయు ఇక్కడనే కలదు. తెలుగులో చదివి జంటపద్దు విధానము, ఆవర్జా, అంకణా చక్కగా ఎరిగిన అమ్మాయి, లెడ్జరు, ట్రయల్ బ్యాలెన్సు అన్న మాటలు వినగానే తనకేమియు రాదని తలవంచుకొనును. ఆమెకు విద్య కలదు, దాని రెండవ పేరు మాత్రమే తెలియదు. ఆ పేరు తెలియనందున ఆమె చేతి కొలువు జారిపోవుట న్యాయము కాదు.

మొదట ఈ పేర్లను జతపరచుకొనవలెను. ఆవర్జా లెడ్జరు, అంకణా ట్రయల్ బ్యాలెన్సు, ఆస్తి అప్పుల పట్టీ బ్యాలెన్సు షీటు, రానిబాకీ బ్యాడ్ డెట్. ఈ చివరి మాటను వ్రాయునప్పుడు బి అక్షర మొకటి నడుమ నుండును గాని పలుకునప్పుడు వినిపించదు. రిసీటులోని పి అక్షరమును అంతే. కంటితో మాత్రమే నేర్చినవారు చెవి పరీక్షలో ఇట్టివానిని పోగొట్టుకొందురు. కనుక ప్రతి మాటను బిగ్గరగా చదువుట, చదువగా వినుట అవసరము.

రెండవ తరగతి మాటలు మరింత మాయలాడివి. ఇవి మనకు ముందే తెలిసినట్లుండును. ఇంటరెస్టు అనగా ఆసక్తి యని బడిలో నేర్చితిమి. లెక్కల పుస్తకమున అది వడ్డీ. ఔట్‌స్టాండింగు అనగా మిక్కిలి గొప్పదని మెచ్చుకోలు. బిల్లు మీద అదే మాట ఇంకను చెల్లింపలేదని చెప్పును. ప్రొవిజను స్టోరు వీధివీధినా కలదు గాని, లెక్కలలో ప్రొవిజను అనగా రాబోవు నష్టమునకో ఖర్చునకో ముందుగా కేటాయించు మొత్తము.

కొన్నింటికి మన బజారే గురువు. మిర్చి బస్తాను గోనెతో తూచిన బరువు గ్రాస్, గోనె తీసివేసిన బరువు నెట్. ఆదాయమునకును ఇదే వరుస. తరుగు అను మాట కాటా వద్ద ఎల్లరెరిగినదే. యంత్రము ఏటేట అరిగి విలువ తగ్గుటను తరుగుదల, ఇంగ్లీషున డిప్రిసియేషను, అందురు. కాటా తరుగు ఒక్కనాటిది, యంత్రపు తరుగుదల అది పనిచేసినన్నాళ్లు సాగునది.

అన్నింటికంటె పెద్ద తడబాటు జమ దగ్గర వచ్చును. జమ యనగా క్రెడిట్టు, ఖర్చనగా డెబిట్టు అని కంఠస్థము చేసినవారు నగదు పుస్తకము ముందు ఆగిపోవుదురు. మన పాత పద్ధతిలో రామయ్య నూరు రూపాయలిచ్చిన, వచ్చిన రొక్కమును రామయ్య పేర జమవైపు వ్రాయుదురు. ఇంగ్లీషు నగదు పుస్తకములో ఆ నూరే డెబిట్టు వైపున పడును. ఏలయన, అక్కడ నగదునకే ఒక ఖాతా కలదు. పుచ్చుకొన్న ఖాతాకు డెబిట్టు, ఇచ్చిన ఖాతాకు క్రెడిట్టు. పుచ్చుకొన్నది నగదు, ఇచ్చినవాడు రామయ్య. ఆవర్జాలో రామయ్య ఖాతా చూచిన, అతనికి క్రెడిట్టే కనిపించును. 1494లో వెనిస్ నగరమున లూకా పాచోలీ అచ్చువేయించిన గణితగ్రంథము ఈ జంటపద్దు పద్ధతినే వివరించినది.

బ్యాంకులో మనము సొమ్ము వేసినప్పుడు పాసుపుస్తకములో క్రెడిట్టు అని పడుటకు కారణమును ఇదియే. ఆ పుస్తకము బ్యాంకువారి వైపు నుండి వ్రాసినది. వారి లెక్కకు మనము ఇచ్చినవారము. కనుక ఈ రెండు మాటలలో ఏది ఎదురైనను, ఇది ఎవరి పుస్తకమని ముందు అడుగుకొనవలెను.

ఈ ప్రశ్న అడవి అంచున కొత్తది కాదు. తునికాకు 50 ఆకుల కట్టలుగా కట్టి కల్లమునకు తెచ్చినవారికి, ఇప్పపువ్వు అమ్మి ఉప్పు కొన్నవారికి, లెక్క ఎప్పుడును ఎదుటివాని పుస్తకములోనే యుండెడిది. బాకీ ఎంతయని అతడు చెప్పినదే మాట. ఆ వర్తకుల పట్టు సడలించుటకే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి, అటవీ ఫలసాయమును కొనుటకు, నిత్యావసర వస్తువులను అమ్ముటకు పూనుకొన్నది. అయినను పుస్తకమును తానే చదువుకొనగలవాడు ఇంటనుండుట వేరు. నేడు పరీక్షకై ఇంగ్లీషు మాటలు నేర్చు పిల్లలు రేపు తమవారి రుణపత్రమును, బ్యాంకు నోటీసును చదివి చెప్పగలరు.

కావున మాటల జాబితాలను వల్లించుటతో సరిపుచ్చవద్దని మా మనవి. రాత్రి భోజనములైన పిమ్మట ఆనాటి ఇంటి జమాఖర్చులను ఒక పుటలో తెలుగున, ఎదుటి పుటలో ఇంగ్లీషున వ్రాయింపుడు. పాలవానికి ఇయ్యవలసినది, కిరాణా కొట్టువాని బాకీ, బ్యాంకు వడ్డీ - రోజునకు మూడు పద్దులు చాలును. వ్రాసిన దానిని పిల్లలచే పైకి చదివించి, పెద్దలు వినవలెను.