వార్తల్లో పదం: బెంజోడయాజెపిన్లు

అల్‌ప్రజోలం, డయజెపాం, మిడజోలం వంటి మత్తు మందుల కుటుంబమిది. మెదడు జోరును తగ్గించే ‘గాబా’ రసాయనం పనిని ఇవి పెంచుతాయి. నిద్ర పట్టేది అందుకే, పక్షవాతం రోగికి చిక్కు వచ్చేదీ అక్కడే. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు స్ట్రోక్ నుంచి కోలుకున్నవారికి కొద్దిగా మిడజోలం ఇచ్చి చూశారు. తగ్గిపోయిన పాత లోపాలు కాసేపు తిరిగొచ్చాయి! 2002లో ఈ అధ్యయనం వెలువడింది. ఫిట్స్ ఆగనప్పుడు మాత్రం ప్రాణం నిలిపేవీ ఈ మందులే.

గౌడవెల్లి వంటి మేడ్చల్ ఊళ్లలో పక్షవాతం రోగిని చూసుకునే ఇంటివారు ఒకటి గమనించాలి. తెలంగాణలో కల్తీ కల్లులో ఎక్కువగా కలుపుతున్నది అల్‌ప్రజోలమే. రోగికి ఆ కల్లు పోయవద్దు. అలవాటు పడినవారు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, కాబట్టి డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా మాన్పించాలి.