సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్

స్కాట్లండ్ తూర్పు తీరంలోని ఈ గోల్ఫ్ మైదానం ఎవరో కూర్చుని గీసింది కాదు. సముద్రం ఒడ్డు ఇసుక నేలలో, పొట్టి గడ్డి మీద జనం తరతరాలుగా ఆడగా ఆడగా ఏర్పడింది. ఇక్కడ ఊరివాళ్లకున్న ఆట హక్కును 1552లోనే ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్ పత్రం గుర్తించింది. 1754లో 22 మంది పెద్దమనుషులు సంఘం పెట్టుకున్నారు. 1834లో నాలుగో విలియం రాజు దానికి ‘రాయల్ అండ్ ఏన్షియంట్’ అని పేరిచ్చాడు. మైదానం మాత్రం క్లబ్బు సొత్తు కాదు, అందరిదీ.

మొదట్లో ఒక ఆటకు 22 గుంతలు. వెళ్లేటప్పుడూ తిరిగొచ్చేటప్పుడూ దాదాపు అవే. 1764లో మొదటి నాలుగింటిని రెండుగా కలిపేయడంతో, వెళ్లేటప్పుడు రెండూ వచ్చేటప్పుడు రెండూ తగ్గి లెక్క 18కి దిగింది. ఇప్పుడు ప్రపంచమంతా పాటించే ఆ అంకె వెనక ఇంతకు మించిన శాస్త్రమేమీ లేదు!

ఆడేవాళ్లు పెరిగాక గ్రీన్లను, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి జాగాలను, వెడల్పు చేసి, ఒక్కోదానిలో రెండేసి గుంతలు తవ్వారు. అలాంటి జంట గ్రీన్లు ఏడు. ఏ జంట అంకెలు కూడినా 18 వస్తుంది: 2తో 16, 3తో 15, అలా.

అసలు పరీక్ష 17వ గుంత దగ్గర. గ్రీన్ సన్నగా ఉంటుంది. ముందు నిలువు గోడల ఇసుక గొయ్యి, వెనక రోడ్డు. 1978లో ఇక్కడ జరిగిన ఓపెన్ గోల్ఫ్ పోటీలో జపాన్ ఆటగాడు టామీ నకజిమా రెండు దెబ్బల్లోనే గ్రీన్ చేరాడు. తర్వాత మెల్లగా తట్టిన బంతి దొర్లి ఆ గోతిలో పడింది. నాలుగు దెబ్బల్లో ముగియాల్సిన గుంతకు తొమ్మిది పట్టాయి.

ఆదివారాలు మామూలుగా ఆట ఉండదు. ఊరివాళ్లు కుక్కలతో షికారు చేస్తారు.