గుడారంలో చల్లచల్లగా...

ఇంట్లో ఉన్నంతసేపూ ఫ్రిజ్ తలుపు తీసి చల్లటి సీసా అందుకోవడం మనకి చేతి అలవాటు. దాని విలువ తెలియాలంటే నాలుగు రోజులు ఫ్రిజ్ లేని చోట, అదీ పసిపిల్లలతో గడపాలి. నేనా పాఠం మన ఊళ్ళో కాదు, సముద్రాలు దాటివెళ్ళి కాలిఫోర్నియా అడవుల్లో నేర్చుకున్నాను. ఈ రోజుల్లో చాలామందికి కూతురో, కొడుకో, తోడబుట్టినవాళ్ళో అమెరికాలో ఉంటున్నారు. మనం వెళ్ళగానే "కాంపింగ్‌కి వెడదాం" అని బయల్దేరదీస్తారు. రేపు మీరూ వెళ్ళవచ్చు. అందుకే నా అనుభవం మీతో పంచుకుంటున్నాను.

మా చెల్లెలు వాళ్ళు ఫ్రీమాంట్‌లో ఉంటారు. కొన్నేళ్ళ క్రితం జూన్‌లో నేను వెళ్ళినప్పుడు అందరం కలిసి యోసెమిటీ జాతీయవనానికి ప్రయాణమయ్యాం. కారులో నాలుగు గంటల పైమాటే. దాదాపు 4000 అడుగుల ఎత్తున లోయ, చుట్టూ ఆకాశాన్నంటే రాతికొండలు, మధ్యలో గలగలా పారే మెర్సెడ్ నది. చూడటానికి రెండు కళ్ళూ చాలవనుకోండి! మాతోపాటు మరిదిగారి ఆఫీసులో పనిచేసే అమెరికన్ దంపతులు కూడా వచ్చారు. మూడు రాత్రులు గుడారాల్లో మకాం.

ఒకటే పెద్ద ఐస్‌పెట్టె సర్దాం. పాలు, పెరుగు, పిల్లల కూల్‌డ్రింకులు, పళ్ళరసాలు, అతిథుల కోసం వైన్ సీసాలు, అన్నీ అందులోనే. పైన రెండు సంచుల ఐసుముక్కలు కుమ్మరించాం. "ఇంకేం, ఫ్రిజ్ వెంట తెచ్చుకున్నట్టే!" అని మురిసిపోయాను.

పిల్లలు ఊరుకుంటారా? ఆడి ఆడి రావడం, మూత తీయడం, ఏ సీసా కావాలో తేల్చుకునేదాకా అలాగే నిలబడటం. రెండోరోజు సాయంత్రానికి ఐసు జాడే లేదు. ఆ సంగతి గమనించకుండా, ఆ పాలల్లోనే చాక్లెట్ పొడి కలిపి చెల్లెలి నాలుగేళ్ళ కొడుక్కి నా చేత్తో నేనే ఇచ్చాను. పొడి ఘుమఘుమలో పాల వాసన తెలియలేదు.

అర్ధరాత్రి నుంచి వాడికి ఒకటే వాంతులు. "పెద్దమ్మా, కడుపు నొప్పి" అని నన్ను కరుచుకుపోయి ఏడుస్తుంటే నా ప్రాణం పోయినంత పనయింది. చుట్టూ చీకటి. ఫోను అందలేదు. లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి, కొద్దికొద్దిగా తాగిస్తూ కూచున్నాం. దేవుడి దయవల్ల తెల్లారేసరికి తేరుకున్నాడు. మిగిలిన పాలు పొయ్యిమీద పెడితే విరిగిపోయాయి. చెల్లెలు నన్ను పల్లెత్తు మాట అనలేదు. అదే నన్ను మరీ బాధపెట్టింది.

తప్పు ఎక్కడ జరిగింది?

ఐస్‌పెట్టె చల్లదనాన్ని పుట్టించదండీ. బయటి వేడి లోపలికి రాకుండా కొంతసేపు ఆపుతుంది, అంతే. కిలో ఐసు కరిగి నీరయ్యేలోపు పీల్చుకునే వేడి, కిలో నీళ్ళని 80 డిగ్రీలు వేడెక్కించడానికి సరిపోతుంది. అంత గొప్ప ధనం అది! మూత తీసిన ప్రతిసారీ, వెచ్చటి సీసా ఒకటి లోపల పెట్టిన ప్రతిసారీ ఆ ధనం ఖర్చవుతుంది. మేము అంగట్లోంచి తెచ్చిన సీసాలు తెచ్చినట్టే పెట్టేశాం. సగం ఐసు వాటిని చల్లబరచడానికే సరిపోయింది.

పాలు, పెరుగు, వండిన పదార్థాలు 4 డిగ్రీల సెంటిగ్రేడుకి మించని చల్లదనంలో ఉండాలి. అది తప్పాక రెండు గంటలకు మించి ఉంచకూడదు. ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. కూల్‌డ్రింకు వెచ్చబడితే రుచి పోతుంది. పాలు వెచ్చబడితే ఆరోగ్యమే పోతుంది. రెండింటికీ ఒకటే పెట్టె పెట్టడమే నేను చేసిన తప్పు.

పెట్టెలు రెండు ఉండాలి

ఆ ఏడాదే మళ్ళీ వెళ్ళినప్పుడు ఇలా చేశాం. ఐసు రెండోరోజు రాత్రికి కూడా మిగిలింది.

ఒక పెట్టె తాగేవాటికి. పిల్లలు ఎన్నిసార్లు తీసినా ఫరవాలేదు. ఇందులో ఐసుతోపాటు కొంచెం నీళ్ళు పోయండి. ఒట్టి ఐసుముక్కల మధ్య కంటే ఐసునీళ్ళలో సీసా తొందరగా చల్లబడుతుంది. నీళ్ళయితే సీసా చుట్టూ అంటుకుంటాయి కదా!

రెండో పెట్టె పాలకి, పెరుగుకి, కూరలకి. పూటకొక్కసారి మాత్రమే, అదీ పెద్దవాళ్ళే తీయాలి. ఇందులో పెద్ద ఐసుగడ్డలు పెట్టండి. చిన్నముక్కల కంటే అవి ఆలస్యంగా కరుగుతాయి. ఖాళీ పాలడబ్బాలు శుభ్రంగా కడిగి, మంచినీళ్ళు పోసి ఫ్రీజర్‌లో పెడితే గడ్డలు సిద్ధం. నీళ్ళు గడ్డకడితే ఉబ్బుతాయి కనుక మెడదాకా పోయకండి, పగిలిపోతుంది. కరిగాక ఆ నీళ్ళు తాగడానికే పనికొస్తాయి. పదార్థాలు ఐసునీళ్ళలో నానకుండా మూత గట్టిగా ఉన్న డబ్బాల్లో పెట్టండి. చిన్న ఫ్రిజ్ థర్మామీటరు ఒకటి లోపల పడేస్తే ఊహించుకునే పని లేదు.

పెట్టెనీ, అందులో పెట్టబోయేవాటినీ ముందురోజు రాత్రే చల్లబరచాలి. ఖాళీ జాగా వదలకండి, తువ్వాలు కుక్కినా మంచిదే. నీడ ఎటు జరిగితే పెట్టె అటు జరపండి.

ఎలుగుబంటికీ దాహమే!

యోసెమిటీలో నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి. ఐస్‌పెట్టె ఆకారం చూసి కూడా అవి పోల్చుకుంటాయట! అందుకని మకాం వేసే ప్రతిచోటా ఇనప పెట్టె ఉంటుంది. తిండే కాదు, సీలు తీయని కూల్‌డ్రింకులూ, సబ్బూ, పేస్టూ కూడా అందులో పెట్టి గడియ వెయ్యాలి. రాత్రిపూట కారులోనూ ఉంచకూడదు. చాలా పెట్టెలు 33 అంగుళాల లోతు, 45 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు ఉంటాయి. మీ ఐస్‌పెట్టెలు అందులో పడతాయో లేదో ఇంట్లోనే కొలుచుకుని బయల్దేరండి.

"నది ఉందిగా, సీసాలు అందులో కడదాం" అన్నారు మరిదిగారు. ఆ పని చేయకండి. జూన్‌లో మెర్సెడ్‌లో పారేది కొండలమీది మంచు కరిగిన నీరు. పైకి ప్రశాంతంగా కనిపించినా లాగేస్తుంది. జారిపోయిన సీసా కోసం దిగితే ప్రాణానికే ముప్పు. పగిలిన గాజు ఎవరి కాల్లో గుచ్చుకుంటుందో కూడా చెప్పలేం.

దానికంటే మన కుండ విద్య మేలు. సీసాకి తడిగుడ్డ చుట్టి, నీడలో గాలి తగిలేచోట పెట్టండి. కాలిఫోర్నియా వేసవి గాలి పొడిగా ఉంటుంది గనుక గుడ్డ తొందరగా ఆరుతూ సీసాని చల్లబరుస్తుంది. మన కోస్తా ఉక్కలో ఇది అంతగా పనిచేయదు. పాలకి మాత్రం ఈ ఉపాయం చాలదు సుమండీ.

అతిథులొస్తే, బకెట్లో ఐసు, నీళ్ళు, రెండు గుప్పెళ్ళ ఉప్పు కలిపి సీసాలు ముంచండి. ఉప్పు ఐసునీళ్ళని సున్నా డిగ్రీల కంటే కిందికి దించుతుంది. ఇరవై నిమిషాల్లో గొంతు జివ్వుమంటుంది. ఆ ఉప్పునీళ్ళు మొక్కల మొదట్లో పారబోయకండి.

ఇక వైన్ సంగతి

"మనకెందుకండీ వైన్ గొడవ?" అంటారేమో. మా ఇంట్లో ఎవరూ తాగరు. కానీ అక్కడ అతిథికి వైన్ పోయడం మనం కాఫీ ఇచ్చినట్టే. కొనడానికి నేనూ చెల్లెలూ దుకాణానికి వెళ్ళాం. గోడ నిండా వందల సీసాలు! ఒకదాని మీద "డ్రై" అని ఉంటే, "ఎండిపోయిన వైన్ ఏమిటే?" అన్నాను. డ్రై అంటే తీపి లేనిదట. చెల్లెలు పడీ పడీ నవ్వింది.

తర్వాత ఆ అమెరికన్ ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఎండలో తెల్ల వైన్ గానీ, రోజా రంగు వైన్ గానీ హాయిగా ఉంటుంది. అవి 8 నుంచి 12 డిగ్రీల చల్లదనంలో బాగుంటాయి. ఎర్ర వైన్ 14 నుంచి 18 డిగ్రీల్లో చాలు. అంటే వేసవిలో దాన్ని కూడా కాసేపు ఐసులో పెట్టాల్సిందే.

మన పులిహోర, మిరపకాయ బజ్జీలు ముందు పెడితే మరో సంగతి చూసుకోవాలి. మద్యం శాతం ఎక్కువున్న వైన్, వగరు ఎర్ర వైన్ మిరప మంటని రెచ్చగొడతాయి. సీసామీద శాతం రాసి ఉంటుంది. కాలిఫోర్నియా జిన్‌ఫాండెల్ రకం తరచు 14, 15 దాకా ఉంటుంది. మన కారానికి 11, 12 శాతంలో కాస్త తీపి తగిలే రీస్లింగ్ లాంటిది నప్పుతుంది. ధర చూసి భయపడనక్కర్లేదు, గొప్ప పేరు కోసం వెతకనక్కర్లేదు. 1976లో పారిస్‌లో పేర్లు దాచి రుచి చూపిస్తే, ఫ్రెంచి వైన్లను కాదని న్యాయనిర్ణేతలు నాపా లోయ వైన్లకే మొదటి స్థానాలిచ్చారు!

అడవికి మరమూత ఉన్న సీసా మేలు. బిరడా సీసా అయితే దాన్ని లాగే మరమేకు మర్చిపోతే అంతే సంగతులు. అట్టపెట్టెలో సంచీతో వచ్చే 3 లీటర్ల వైన్ నాలుగు సీసాలతో సమానం. గాజు బెడద లేదు, తెరిచాక కూడా కొన్ని వారాలు నిలవుంటుంది. శాకాహార అతిథులకైతే "వీగన్" అని రాసి ఉన్నది చూసుకోండి. కొన్ని వైన్లను తేర్చడానికి గుడ్డు తెల్లసొన, చేప నుంచి తీసిన పదార్థం వాడతారు.

ఇంకో మాట. అక్కడ 21 ఏళ్ళు నిండనివాళ్ళకి మద్యం ఇవ్వకూడదు. ఎర్ర వైన్ చూడటానికి ద్రాక్షరసంలాగే ఉంటుంది గనుక పిల్లల గ్లాసులు వేరే రంగువి పెట్టండి. గర్భిణులకి అసలే వద్దు. షుగరు మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడగాలి. తాగినవాళ్ళు కారు తాళం ముట్టకూడదు, నదిలోకి దిగకూడదు. మూత తీసిన సీసా కారులో మన దగ్గర ఉండటం కాలిఫోర్నియాలో నేరం. మిగిలితే డిక్కీలో పెట్టాలి.

అందరికీ మన పానకం

నాలుగు గ్లాసుల నీళ్ళలో గ్లాసు బెల్లం తరుగు కరిగించి వడకట్టండి. అర చెంచా మిరియాలపొడి, అర చెంచా శొంఠిపొడి, నాలుగు యాలకులు పొడి చేసి కలపండి. ప్లాస్టిక్ సీసాల్లో పైన జాగా వదిలి పోసి, గడ్డకట్టించి పెట్టెలో సర్దండి. దారి పొడవునా ఐసుగడ్డలా పనిచేసి, చేరేసరికి తాగడానికి సిద్ధం. రెండోసారి వెళ్ళినప్పుడు ఆ అమెరికన్ దంపతులు వైన్ పక్కనపెట్టి మరీ రెండేసి గ్లాసులు తాగారు!

అమెరికాకే కాదు, కార్తీక వనభోజనాలకైనా, తిరుపతి ప్రయాణానికైనా ఇదే సూత్రం. అతిథి గ్లాసు కాస్త వెచ్చబడితే నవ్వి ఊరుకుంటారు. బిడ్డ పాలు వెచ్చబడితే తెల్లవార్లూ గుండె చేత్తో పట్టుకుని కూచోవాలి. ఇప్పుడు ఏ ప్రయాణమైనా నేను మొదట సర్దేది పాల పెట్టే. దాని మూత మీద చెల్లెలి కొడుకు పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు: "పెద్దమ్మని అడగకుండా తీయరాదు" అని!