గుంపు వేగం చివరి సైకిల్‌దే

హైదరాబాద్‌లో సైకిల్ తొక్కేవాళ్లకు సంవత్సరాది నవంబర్‌లోనే వస్తుంది. జూన్ నుంచి అక్టోబర్ దాకా వానలు, మార్చి వచ్చిందంటే ఎండలు. నడుమ మిగిలేవి నాలుగు నెలల చల్లటి ఉదయాలు. యూరప్‌లో చలికాలం వచ్చిందంటే చాలామంది సైకిల్‌ను ఇంట్లో పెట్టేస్తారు. మనవాళ్లు అప్పుడే దుమ్ము దులిపి, టైర్లలో గాలి కొట్టి బయటికి తీస్తారు. ఆదివారం తెల్లవారకముందే గచ్చిబౌలి వైపో, నెక్లెస్ రోడ్డు మీదో, విశాఖ బీచ్ రోడ్డు మీదో రెడ్ లైట్లు మిణుకుమిణుకుమంటూ వరసగా సాగిపోతుంటాయి. క్లబ్బులు కొత్త ముఖాలతో కళకళలాడేది ఈ రోజుల్లోనే. అయితే నవంబర్‌లో ఉత్సాహంగా వచ్చినవాళ్లలో కొందరు సంక్రాంతి నాటికే కనిపించకుండా పోతారు. చలికి జడిసో, బద్ధకించో మానేశారనుకోవడం తేలిక. అసలు కారణం చాలాసార్లు రైడ్‌కు ప్రణాళిక వేసిన తీరులోనే ఉంటుంది. ముందు తొక్కేవాళ్ల సత్తాను చూసి వేసిన రైడ్ వెనకున్నవాళ్లను అలసటకు, ఒంటరితనానికి, ప్రమాదానికి వదిలేస్తుంది. గ్రూప్ రైడ్‌ను చివరి సైకిల్‌ను దృష్టిలో పెట్టుకునే వేయాలి. కొత్తవాళ్ల మీద జాలితో ఈ మాట అనడం లేదు. చలికాలపు సాధనకు, రోడ్డు మీద భద్రతకు, బలమైన రైడర్ల ఎదుగుదలకు కూడా సరిపడే పద్ధతి అదే.

ముందు శరీరం సంగతి చూద్దాం. దూరాలు తొక్కగల ఓపికకు పునాది నెమ్మదిగా, ఎక్కువసేపు తొక్కడంలో పడుతుంది. అలా గంటల తరబడి తొక్కుతూ వారాలు గడిస్తే గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపడం నేర్చుకుంటుంది. కాలి కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా వృద్ధి చెందుతాయి, కొవ్వును ఇంధనంగా వాడుకునే సామర్థ్యం పెరుగుతుంది. వీటిలో ఏదీ ఒక్క ఆదివారంలో వచ్చేది కాదు. ఓర్పు క్రీడల్లో అగ్రశ్రేణి క్రీడాకారుల సాధనను పరిశీలించిన స్టీఫెన్ సైలర్, వాళ్ల సాధనలో సుమారు 80 శాతం తేలికపాటి తీవ్రతలోనే సాగుతుందని చూపించారు. ఆ స్థాయివాళ్లే అంత భాగం నెమ్మదిగా చేస్తుంటే, ఉద్యోగం చేసుకుంటూ వారానికి మూడు రోజులు తొక్కేవాళ్లు ప్రతి ఆదివారాన్నీ పందెంగా మార్చుకోవడంలో అర్థం లేదు. మరీ నెమ్మదీ కాని, నిజమైన వేగమూ కాని ఆ మధ్యరకం తీవ్రతలో అలసట మాత్రం పేరుకుపోతుంది, పునాది అంతంతమాత్రంగానే పడుతుంది. సరైన వేగం తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టే. రెండు మాటలకోసారి ఊపిరి అందక ఆగాల్సి వస్తే తగ్గించుకోవాలి.

ఇక్కడ బలమైన రైడర్లు ఒక అభ్యంతరం చెబుతారు. వెనకవాళ్ల కోసం ఆగుతూ పోతే మా సాధన ఏం కావాలని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు గాలిలో ఉంది. సైకిల్ మీద చదునైన రోడ్డున వెళ్లేటప్పుడు మన శ్రమలో పెద్ద భాగం గాలిని చీల్చుకుపోవడానికే ఖర్చవుతుంది. గాలి నిరోధం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది, దాన్ని ఎదుర్కొనే శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. గంటకు 20 కిలోమీటర్ల నుంచి 30కి వెళ్తే గాలి కోసం పెట్టాల్సిన శక్తి మూడు రెట్లు దాటుతుంది. ముందు సైకిల్ చాటున దగ్గరగా వెళ్లేవాళ్లకు ఆ నిరోధం బాగా తగ్గుతుంది. వేగాన్ని, దూరాన్ని బట్టి మొత్తం శ్రమలో పావు వంతు అటూ ఇటూ మిగులుతుంది. అంటే ఒకే వేగంతో వెళ్తున్న గుంపులో ముందున్నవాళ్లు పడే కష్టం వేరు, వెనకున్నవాళ్లు పడే కష్టం వేరు. బలమైనవాళ్లు ఎక్కువసేపు ముందు ఉండి గాలిని మోస్తే వాళ్లకు తగిన సాధన దొరుకుతుంది. కొత్తవాళ్లు వాళ్ల చాటున ఉంటే ఒంటరిగా అందుకోలేని దూరం అందుకుంటారు. సామర్థ్యంలో తేడా ఉన్న ఇద్దరికి ఒకే రోడ్డు మీద, ఒకే వేగంతో, ఎవరికి తగ్గ శ్రమ వాళ్లకు ఇవ్వగల ఆటలు అరుదు. సైకిల్ అలాంటిది. ఆ వరాన్ని వాడుకోకుండా ముందువాళ్లు విడిపోయి వెళ్లిపోతే, అందరికంటే బలహీనమైన రైడర్ ఒంటరిగా గాలితో పోరాడాల్సి వస్తుంది.

అలాగని ఎవరు వచ్చినా, ఎంత నెమ్మదిగా తొక్కినా అందరూ వాళ్ల వెంటే ఉండాలని కాదు. రైడ్ ప్రకటించేటప్పుడే వేగం, దూరం, ఎత్తు, ఆగే చోట్లు రాయాలి. గంటకు 18-20 కిలోమీటర్ల గుంపు ఒకటి, 24-26 గుంపు ఒకటి అని స్పష్టంగా చెబితే ఎవరి స్థాయిని వాళ్లు ఎంచుకుంటారు. ప్రకటించిన వేగం క్లబ్ ఇచ్చిన మాట. సగటున 20 అని చెప్పి, ఊరు దాటగానే ముందున్న ఇద్దరు 30కి లాగితే ఆ మాట తప్పినట్టే. వేగం కోరుకునేవాళ్లకు దారిలో ఒక భాగాన్ని ముందే కేటాయించవచ్చు. వికారాబాద్ దగ్గర అనంతగిరి ఎక్కుడు లాంటి చోట ఎవరి బలం కొద్దీ వాళ్లు ఎక్కి, పైన అందరూ కలిసేదాకా ఆగితే సరిపోతుంది. గుంపును చెదరగొట్టకుండానే కఠినమైన సాధన కూడా అందులో ఇమిడిపోతుంది.

భద్రత విషయానికొస్తే లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 7 మీటర్లు. ముందు సైకిల్ చక్రానికి, మీ చక్రానికి మధ్య ఒక మీటరు ఎడం ఉంటే ఆ ఎడాన్ని దాటడానికి సెకనులో ఏడో వంతు చాలు. కంటితో చూసి చెయ్యి బ్రేకు మీదికి వెళ్లడానికి అంతకంటే ఎక్కువ సమయమే పడుతుంది. పైగా గుంపులో ఏడో సైకిల్ మీద ఉన్నవాళ్లకు రోడ్డు కనబడదు, ముందువాళ్ల వీపు మాత్రమే కనబడుతుంది. అందుకే గుంత ఉందని ముందువాళ్లు చేత్తో కిందికి చూపించడం, ‘స్లో’ అని, ‘కార్ బ్యాక్’ అని కేకవేయడం, ఆ కేకను ఒక్కొక్కరూ వెనక్కి అందించడం మర్యాద కోసం చేసే పని కాదు. వెనకవాళ్లకు అదే కంటిచూపు. కేక మధ్యలో ఎక్కడ ఆగిపోతే అక్కడి నుంచి వెనకున్నవాళ్లంతా గుడ్డిగా తొక్కుతున్నట్టే. కొత్తవాళ్లకు ఈ సైగలు, కేకలు బయల్దేరే ముందు ఐదు నిమిషాలు నేర్పాలి. నేర్చుకునేదాకా మీటరున్నర, రెండు మీటర్ల ఎడం పాటించమనాలి.

మన రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్ దగ్గర జరిగేది చూస్తే చివరి సైకిల్ కష్టం అర్థమవుతుంది. ముందున్నవాళ్లు వేగం తగ్గించి బ్రేకర్ దాటి మళ్లీ 25కి చేరేసరికి, పదో సైకిల్ ఇంకా బ్రేకర్ ఇవతలే ఉంటుంది. వెనకవాళ్లు దాటేలోపు పెరిగిన ఎడాన్ని పూడ్చడానికి 30, 32తో తొక్కాలి. ప్రతి బ్రేకర్ దగ్గర, ప్రతి మలుపు దగ్గర, ప్రతి సిగ్నల్ దగ్గర ఇదే జరుగుతుంది. ముందువాళ్లు స్థిరంగా, హాయిగా 60 కిలోమీటర్లు తొక్కామనుకుంటారు. అదే దారిలో వెనకవాళ్లు పదుల సార్లు పరుగు పందెం చేసి కాళ్లు అరిగిపోయి ఇల్లు చేరతారు. రైడ్ లీడర్ బ్రేకర్ దాటాక కాస్త నెమ్మదిగా తొక్కుతూ, వెనక నుంచి ‘అందరూ వచ్చారు’ అన్న కేక వినిపించాకే వేగం పెంచితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. ఆ కేక వేయడానికే గుంపు చివర ‘స్వీప్’గా ఒక అనుభవజ్ఞుడు ఉండాలి. పంక్చరైతే వేయడానికి ట్యూబు, లివర్లు, పంపు ఆ మనిషి దగ్గర ఉండాలి. అందరి ఇంటి ఫోన్ నంబర్ల జాబితా లీడర్, స్వీప్ ఇద్దరి దగ్గరా ఉండాలి. క్లబ్‌లో అందరికంటే ఓపికైన రైడర్‌ను ముందు పెట్టడం అలవాటు. వెనక పెట్టడం తెలివి.

దారి ఎంపిక, సమయం కూడా ఇదే దృష్టితో చూడాలి. జనవరిలో హైదరాబాద్‌లో సూర్యుడు ఉదయించేది దాదాపు ఆరూ యాభైకి. ఐదున్నరకు బయల్దేరితే దాదాపు గంటసేపు చీకట్లోనే తొక్కాలి. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, హెల్మెట్, మెరిసే జాకెట్ లేనివాళ్లను గుంపులోకి రానివ్వకూడదు. మొహమాటానికి తావులేని నియమమిది. అవుటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీదికి ద్విచక్ర వాహనాలను అనుమతించరు కాబట్టి సర్వీస్ రోడ్లే దిక్కు. 2023 అక్టోబర్‌లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ కొత్తవాళ్లకు మంచి బడి. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒక భాగం, నార్సింగి నుంచి కొల్లూరు దాకా మరో భాగం ఉన్నాయి. నాలుగున్నర మీటర్ల వెడల్పు ఉంది, కార్లూ లారీలూ ఉండవు. గుంపులో తొక్కడం, సైగలు, చాటున ఎడం పాటించడం మొదటి నెలంతా అక్కడ నేర్పి, ఆ తర్వాతే పెద్ద రోడ్డు ఎక్కించడం మేలు. ఎదురుగాలి ఉన్న రోజు వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా, తిరిగొచ్చేటప్పుడు గాలివాలుగా ఉండేలా దారి వేసుకోవాలి. కాళ్లలో సత్తువ ఉన్నప్పుడు కష్టం ముగిసిపోతుంది. విశాఖ, కోనసీమ వైపు డిసెంబర్ దాకా తుపాన్ల భయం ఉంటుంది కాబట్టి అక్కడి క్లబ్బులు పెద్ద రైడ్లను జనవరి, ఫిబ్రవరిలకు జరుపుకోవడం మంచిది.

సీజన్‌కు ఒక గమ్యం ఉంటే సాధన దారి తప్పదు. చాలా క్లబ్బులకు ఆ గమ్యం బ్రెవే రైడ్లు, అంటే గడువు లోపల ముగించాల్సిన దూరపు రైడ్లు. ప్యారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ నియమాల ప్రకారం 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లో, 300ను 20 గంటల్లో, 400ను 27 గంటల్లో, 600ను 40 గంటల్లో ముగించాలి. నాలుగేళ్లకోసారి జరిగే ప్యారిస్–బ్రెస్ట్–ప్యారిస్ 1891లో పందెంగా మొదలైంది. ఇప్పుడది సుమారు 1200 కిలోమీటర్ల ఓర్పు పరీక్ష, గరిష్ఠ గడువు 90 గంటలు. ఈ అంకెలను భాగించి చూడండి. 200 కిలోమీటర్ల రైడ్‌కు తిండి, నీళ్లు, పంక్చర్లు అన్నీ కలిపి గంటకు 15 కిలోమీటర్ల లోపు సగటు చాలు. ప్యారిస్ రైడ్‌కు నిద్రతో కలిపి 14 కూడా అక్కర్లేదు. అక్కడ గెలిపించేది వేగం కాదు, ఆగకుండా సాగే అలవాటు. కాబట్టి నవంబర్‌లో 40 కిలోమీటర్లతో మొదలుపెట్టి వారానికి పదేసి కిలోమీటర్లు పెంచుతూ, ప్రతి నాలుగో వారం తగ్గించి శరీరాన్ని కోలుకోనిస్తే జనవరి చివరికి వంద చేరుకోవచ్చు. వంద హాయిగా తొక్కినవాళ్లకు ఫిబ్రవరిలో 200 అసాధ్యం కాదు. తినడం కూడా సాధనలో భాగమే. ఆకలి వేసేదాకా ఆగకుండా గంటకోసారి అరటిపండో, పల్లీపట్టీయో తినడం, చలిలో దాహం తెలియకపోయినా నీళ్లు తాగడం చిన్న రైడ్లలోనే అలవాటు కావాలి.

ఇంట్లో ట్రైనర్ పరికరం మీద తొక్కితే ఇంతకంటే కచ్చితమైన సాధన జరుగుతుంది కదా అనేవాళ్లున్నారు. నిజమే. తీవ్రతను కొలిచి చేసే గంటసేపటి సాధనకు అది మేలు. వారం మధ్యలో అలాగే చేయండి. కానీ గుంతను తప్పించడం, గాలిని చదవడం, లారీ పక్కనుంచి పోతుంటే తడబడకుండా నిలవడం గదిలో రావు. మరో అభ్యంతరం గాలి కాలుష్యానిది. దీన్ని కొట్టిపారేయకూడదు. చలికాలపు తెల్లవారుజామున చల్లటి గాలి నేల మీద పేరుకుని పొగను పైకి పోనివ్వదు. అందుకే నగరం లోపల చక్కర్లు కొట్టకుండా తక్కువ వాహనాలున్న దారిన త్వరగా ఊరు దాటే రూట్లు వేయాలి. మంచు, పొగ దట్టంగా ఉన్న రోజు గంట ఆలస్యంగా బయల్దేరాలి, లేదా రైడ్ రద్దు చేయాలి. గుంపులు రోడ్డును ఆక్రమిస్తాయన్న వాహనదారుల ఫిర్యాదులోనూ నిజముంది. ముప్పై మంది ఒకే గుంపుగా వెళ్తే ఎవరికీ క్షేమం కాదు. పదేసి మంది చొప్పున విడదీసి, గుంపుల మధ్య వాహనం దూరడానికి చోటు వదిలి, ఇరుకు రోడ్డు మీద ఒకరి వెనక ఒకరు వెళ్తే ఆ ఫిర్యాదుకు తావుండదు.

ఒక క్లబ్ ఎంత మంచిదో సగటు వేగం పట్టిక చెప్పదు. నవంబర్‌లో మొదటిసారి వచ్చినవాళ్లలో ఫిబ్రవరి చివరి ఆదివారానికి ఎంతమంది ఇంకా తొక్కుతున్నారన్నదే అసలు లెక్క. మీరు క్లబ్ నడిపేవాళ్లయితే ఈ సీజన్ రూట్లు వేసే ముందు చివరి రైడర్ ఎవరో, వాళ్ల వెంట స్వీప్ ఎవరో ముందు రాసుకోండి. మిగతా వివరాలు ఆ తర్వాత రాయండి. మీరు కొత్తగా చేరుతున్నవాళ్లయితే వేగం ఎంత అని అడగడానికి ముందు, వెనకబడితే ఎవరు ఆగుతారని అడగండి. జవాబు స్పష్టంగా చెప్పగలిగిన క్లబ్‌లోనే చేరండి.