మంట చిన్నదే.. మింగేది మీ టైమ్‌ని!

రెజ్యుమె రెడీ. ఆప్టిట్యూడ్ ప్రాక్టీస్ నడుస్తోంది. రోజుకు రెండు కోడింగ్ ప్రాబ్లమ్స్ చేస్తున్నారు. అంతా బాగానే ఉంది కానీ రాత్రి పదకొండు దాటిందంటే గుండెల్లో మంట. గొంతు దాకా పుల్లటి నీళ్లు. ‘ఆ.. గ్యాసేలే’ అనుకుని రెండు మూతల ఎసిడిటీ సిరప్ తాగేసి పడుకుంటారు. ఎప్పుడో ఓసారైతే ఫర్వాలేదు. వారానికి రెండు మూడు రోజులు ఇదే తంతయితే మాత్రం కాస్త ఆగి ఆలోచించండి. అది మీ కడుపు సమస్య ఒక్కటే కాదు. మీ ప్రిపరేషన్ సమస్య కూడా.

అసలేం జరుగుతోంది?

పేరులో గుండె ఉంది కానీ ఈ మంటకీ గుండెకీ సంబంధం లేదు. అన్నవాహిక కడుపులోకి కలిసే చోట ఒక కండరం రింగులా ఉంటుంది. ముద్ద కిందికి దిగేటప్పుడు తెరుచుకుంటుంది, తర్వాత మూసుకుంటుంది. ఒకవైపే తెరుచుకునే వాల్వ్ అనుకోండి. అది వదులైనా, వేళకాని వేళ తెరుచుకున్నా కడుపులోని ఆమ్లం పైకి తంతుంది. ఆ ఆమ్లం పీహెచ్ సుమారు 1.5 నుంచి 3.5 దాకా ఉంటుంది. ఇంచుమించు నిమ్మరసమంత ఘాటు! కడుపు లోపలి గోడకు దాన్ని తట్టుకునే జిగురు పొర ఉంది. అన్నవాహికకు అంత రక్షణ లేదు. అందుకే మండుతుంది. ఇది తరచూ వచ్చి రోజువారీ జీవితాన్ని ఇబ్బంది పెడుతుంటే డాక్టర్లు జీఈఆర్‌డీ అంటారు. వారంలో రెండు రోజులు, అంతకన్నా ఎక్కువ వస్తుంటే పట్టించుకోవాల్సిందే.

డాక్టర్లు అడిగేది మంట గురించే కాదు

ఈ సమస్య మనిషి జీవితాన్ని ఎంత కుదిపిందో కొలవడానికి వైద్య పరిశోధనల్లో ‘క్వాల్‌రాడ్’ అనే ప్రశ్నావళిని వాడతారు. అందులో 25 ప్రశ్నలుంటాయి. అన్నీ గడిచిన వారం గురించే. వాటిని ఐదు విభాగాలుగా చేశారు. ఆ ఐదింటినీ మీ రోజుకు అన్వయించుకుని చూడండి.

నిద్ర: పడుకున్నాక మంట వచ్చి ఎన్నిసార్లు లేచారు? రాత్రి ఒంటిగంటకు లేచి గోడకు ఆనుకుని కూర్చుంటే, పొద్దున తొమ్మిదింటి మాక్ టెస్ట్‌కి బుర్ర ఎలా పనిచేస్తుంది?

ఓపిక: మధ్యాహ్నానికే నీరసపడుతున్నారా? నిద్ర లేమిని మనం ‘ఏకాగ్రత లేదు’ అనుకుంటాం. టైమ్‌టేబుల్ మారుస్తాం, ఫోన్‌లో యాప్‌లు తీసేస్తాం. కారణం మాత్రం అక్కడే ఉంటుంది.

తిండి: మెస్‌లో ప్లేటు ముందు కూర్చుని ‘ఇది తింటే మళ్లీ మొదలవుతుందేమో’ అని భయపడుతున్నారా? భయంతో పూట మానేస్తే ఆకలి మీద మరో పూట ఎక్కువ తింటాం. మళ్లీ మంట.

పనులు, మనుషులు: గ్రూప్ డిస్కషన్‌లో పులితేన్పు వస్తుందేమోనని నోరు తెరవకుండా కూర్చున్నారా? ఫ్రెండ్స్ బయటికి రమ్మంటే సాకులు చెబుతున్నారా?

మనసు: ‘నాకేమైనా పెద్ద జబ్బా’ అనే దిగులు. చిరాకు. ఒత్తిడిలో ఉన్నప్పుడు అదే మంట ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. ఎగ్జామ్ డేట్ దగ్గరపడే కొద్దీ ఇది పెరిగినట్టు అనిపించడానికి అదో కారణం.

ఐదింటిలో రెండు మూడింటికి ‘అవును’ అన్నారా? అయితే ‘గ్యాసేలే’ అని వదిలేసే దశ దాటిపోయింది.

బగ్ పట్టుకోవాలంటే లాగ్ ఉండాలి

కోడ్‌లో బగ్ వస్తే ఐదు చోట్ల ఒకేసారి మార్చం కదా! లాగ్ చూస్తాం. ఒక్కోటీ మార్చి రన్ చేస్తాం. ఇక్కడా అంతే. రెండు వారాల పాటు ఫోన్ నోట్స్‌లో నాలుగే విషయాలు రాయండి: ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, ఎన్నింటికి పడుకున్నారు, మంట ఎప్పుడు వచ్చింది. కారం ఒక్కటే దోషి అని ముందే తీర్పు చెప్పేయొద్దు. ఒకరికి మిర్చి బజ్జీ పడదు. ఇంకొకరికి టమాటా చారు. మరొకరికి పరగడుపున తాగే స్ట్రాంగ్ టీ. నూనె ఎక్కువగా ఉన్న బిర్యానీ కడుపులో చాలాసేపు ఉంటుంది కాబట్టి రాత్రిపూట అది చాలామందికి ఇబ్బందే. మీ లిస్టు మీదే. దాన్ని చూశాక మానాల్సినవి రెండో మూడో తేలతాయి. అన్నీ మానేసి పథ్యం కూడు తినక్కర్లేదు.

హాస్టల్‌లోనే కుదిరే మార్పులు

• తినడానికీ పడుకోవడానికీ మధ్య రెండు మూడు గంటలు గ్యాప్ ఇవ్వండి. హాస్టళ్లలో చాలామందికి అసలు సమస్య ఇక్కడే. తొమ్మిదిన్నరకు భోంచేసి, పది కాగానే మంచమెక్కి ల్యాప్‌టాప్ పొట్ట మీద పెట్టుకుంటాం. పొట్ట మీద ఒత్తిడి, పైగా వాలిన ఒళ్లు. ఆమ్లానికి దారి మనమే ఇస్తున్నట్టు! మెస్ తెరవగానే వెళ్లి తినేయండి. ఆ తర్వాత కుర్చీలో కూర్చుని చదవండి. అర్ధరాత్రి ఆకలేస్తే మ్యాగీ, చిప్స్ బదులు ఓ అరటిపండు చూడండి.

• తలవైపు మంచం కోళ్ల కింద 6 నుంచి 8 అంగుళాల ఎత్తు పెట్టండి. దిండ్లు పేరిస్తే మెడ వంగుతుందే తప్ప లాభం ఉండదు. రెండంతస్తుల మంచమైతే ఇది కుదరదు. అప్పుడు నడుము నుంచి పైకి ఏటవాలుగా ఉండేలా బొంత మడతపెట్టుకోండి.

• ఎడమవైపు తిరిగి పడుకోండి. మన కడుపు ఆకారం వల్ల అలా పడుకుంటే ఆమ్లం వాల్వ్ కన్నా కింద ఉంటుంది. కుడివైపు తిరిగితే రివర్స్.

• ‘సోడా తాగితే తేన్పు వచ్చి హాయిగా ఉంటుంది’ అంటారు. ఆ హాయి కాసేపే. గ్యాస్‌తో కడుపు ఉబ్బి వాల్వ్ మీద ఒత్తిడి పెరుగుతుంది. కూల్‌డ్రింక్‌లూ అంతే.

• సిగరెట్, మద్యం రెండూ ఆ వాల్వ్‌ను వదులు చేసేవే. బరువు ఎక్కువగా ఉంటే కొన్ని కిలోలు తగ్గినా తేడా తెలుస్తుంది.

మాత్రల దగ్గర జాగ్రత్త

యాంటాసిడ్ సిరప్ ఉన్న ఆమ్లాన్ని అప్పటికప్పుడు విరుస్తుంది. కానీ దాని పని కాసేపే. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి మాత్రలు వేరు. అవి ఆమ్లం తయారయ్యే పంపులనే ఆపుతాయి. తినడానికి అరగంట నుంచి గంట ముందు వేసుకుంటేనే సరిగ్గా పనిచేస్తాయి. పూర్తి ప్రభావానికి కొన్ని రోజులు పడుతుంది. మంట మొదలయ్యాక రూమ్‌మేట్ దగ్గర ఒకటి అడిగి మింగితే వెంటనే తగ్గదు అందుకే. నెలల తరబడి సొంతంగా వాడి ఒక్కసారిగా ఆపేస్తే మంట రెట్టింపై తిరిగి రావచ్చు. ఎన్ని రోజులు వాడాలో, ఎలా ఆపాలో డాక్టరే చెప్పాలి.

ఇంకో విషయం. మొటిమలకు వాడే డాక్సీసైక్లిన్, నొప్పులకు వేసుకునే ఐబుప్రొఫెన్ లాంటివి అన్నవాహికకు పుండు చేయగలవు. వాటిని గ్లాసెడు నీళ్లతో మింగండి. వేసుకున్న వెంటనే పడుకోవద్దు. మీ మంట అలాంటి మాత్ర మొదలుపెట్టాకే వచ్చిందా? ఆ మాట డాక్టర్‌కి తప్పక చెప్పండి.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

ముద్ద గొంతు దిగకపోవడం, మింగుతుంటే నొప్పి, వాంతిలో రక్తం, తారులా నల్లటి విరేచనం, కారణం లేకుండా బరువు తగ్గడం.. వీటిలో ఏది ఉన్నా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఛాతీలో బిగపట్టినట్టు నొప్పి వచ్చి ఎడమ చేతికో, దవడకో పాకుతుంటే, చెమటలు పడుతుంటే, ఊపిరాడకపోతే ‘గ్యాస్’ అని మీకు మీరే తేల్చేసుకోవద్దు. 108కి ఫోన్ చేయండి. ఇవేవీ లేకపోయినా, రెండు వారాలు అలవాట్లు మార్చాక కూడా మంట అలాగే ఉంటే ఓసారి చూపించుకోండి. ఆ లాగ్ వెంట తీసుకెళ్తే డాక్టర్ పని సగం తేలికవుతుంది.

ఇంటర్వ్యూ రోజున..

ప్రయోగాలకు అది రోజు కాదు. మీకు పడుతుందని తెలిసిన టిఫినే తినండి. రెండు ఇడ్లీలైతే హాయి. పిలిచే టైమ్‌కి రెండు గంటల ముందే ముగించండి. ఖాళీ కడుపున టీ మీద టీ వద్దు. ఫార్మల్స్ వేసుకున్నప్పుడు బెల్టు ఒక రంధ్రం వదులుగా పెట్టుకోండి. పొట్ట బిగిస్తే ఆమ్లం పైకే వస్తుంది. నోటి తాజాదనానికి పెప్పర్‌మింట్ బిళ్ల వేసుకునే అలవాటుందా? పుదీనా కొందరిలో ఆ వాల్వ్‌ను వదులు చేస్తుంది. ఓ యాలక్కాయ చాలు.

‘ఉద్యోగం రానీ, అన్నీ సెట్ అవుతాయి’ అనుకుంటాం. కానీ రేపు మీకు వచ్చేది నైట్ షిఫ్టే కావచ్చు. అర్ధరాత్రి రెండింటికి భోజనం, తెల్లారాక నిద్ర. వేళకు తినడం, తిన్నాక ఒళ్లు వాల్చకపోవడం ఇప్పుడు అలవాటైతే అక్కడా పనికొస్తుంది. ఈ రాత్రి భోజనం నుంచే నోట్స్ మొదలుపెట్టండి. నాలుగు లైన్లే.. రాయడానికి నిమిషం కూడా పట్టదు.