పులికి బలం, మేకకు బలగం

ఇంద్రావతి గోదావరిలో కలిసే చోటికి చేరువగా, పూర్వపు బస్తర్ సంస్థానపు నైరుతి కొసన భోపాల్‌పట్నం ఉన్నది. నేడది ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు చెందినది. హైదరాబాదు నుండి వరంగల్లు, ఏటూరునాగారాల మీదుగా జాతీయ రహదారి ఇక్కడికి వస్తుంది. తెలుగు మాట మాత్రం ఆ రహదారికంటె ఎంతో ముందే వచ్చినది. దాపుననే ఉన్న ఇంద్రావతి అరణ్యం 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరినది. పులి అంటే ఏమిటో, మంద నుండి విడిపోయిన మేక గతి ఏమిటో ఇటువంటి అడవి అంచు పల్లెలకు ఎవరూ బోధించనక్కరలేదు.

ఆ పులీ, ఆ మేకా తెలుగువారి ఆటలోకి కూడా వచ్చి కూర్చున్నవి. దానినే పులిజూదమనీ, పులి–మేక ఆట అనీ అంటారు. బొగ్గుముక్కతో నేలమీద నాలుగు గీతలు గీసి, గులకరాళ్లు పులులుగా, చింతగింజలు మేకలుగా ఆడుకొనే ఈ ఆటలో ఒక పెద్ద ప్రశ్నకు సమాధానం దాగి ఉన్నది. బలాబలాలలో సమానులు కాని వారి మధ్య న్యాయమైన పోటీ ఎలా సాధ్యమవుతుంది?

చదరంగంలో ఈ చిక్కు లేదు. ఇరువైపులా పదహారేసి కాయలు, ఒకే రకపు బలగం. పులిజూదంలో అలా కాదు. సాధారణంగా కనిపించే పటంలో 23 కూడళ్లు, 3 పులులు, 15 మేకలు ఉంటాయి. ప్రాంతాన్ని బట్టి ఈ లెక్క మారుతుంది. మేకలను ఒక్కొక్కటిగా పటం మీద పెట్టాలి. అన్నింటినీ పెట్టేవరకు ఏ మేకా కదలరాదు. పులులు మాత్రం ఈలోగా స్వేచ్ఛగా తిరుగుతాయి. పక్కనున్న మేకను దాటి, అదే గీత మీద దాని వెనుకనున్న ఖాళీ కూడలిలోకి పులి దూకగలిగితే ఆ మేక చచ్చినట్లే. మేకకు చంపే శక్తి లేదు. పులులను ఎటూ కదలకుండా కట్టివేయడమే దాని విజయం.

లెక్కలోని కిటుకు

ఈ నియమాలను కొంచెం లెక్కకట్టి చూడండి. మేకలన్నీ పటం మీదికి వచ్చి, ఒక్కటీ చావకుండా ఉంటే 23 కూడళ్లలో 18 నిండుతాయి. మిగిలే ఖాళీ అయిదే. పులికి దూకడానికి ఖాళీ కావాలి గనుక, నిండిన ప్రతి కూడలీ ఒక మేకకు వెన్నుదన్ను. ఒక మేక చస్తే ఖాళీలు ఆరవుతాయి. అంటే పోయినది ఒక మేకే అయినా, తక్కినవాటి రక్షణ కూడా ఆ మేరకు పలచబడుతుంది.

మేకలను 20 చేస్తే ఏమవుతుంది? ఒక్కటీ చావనిపక్షంలో 23 కూడళ్లూ నిండిపోయి, పులులు కదలలేక ఆట ముగుస్తుంది. పదికి తగ్గిస్తే పది కూడళ్లు ఖాళీగా మిగిలి, మంద ఎక్కడా గోడకట్టలేదు. ఈ రెండింటి నడుమ ఎక్కడో ఆట ఆటగా నిలిచే చోటు ఉన్నది.

నేపాల్ దేశంలోని ‘బాఘ్‌చాల్’ దీనికి దగ్గరి చుట్టం. అందులో 25 కూడళ్లు, 4 పులులు, 20 మేకలు. లిమ్ యూ జిన్, యూర్గ్ నీవెర్గెల్ట్ అనే పరిశోధకులు కంప్యూటరు సాయంతో ఆ ఆటను తుదికంటా శోధించి, ఇరుపక్షాలూ పొరపాటు లేకుండా ఆడితే ఫలితం సమమేనని తేల్చారు. వారి వ్యాసం 2009లో అచ్చయినది. పోలికే లేని రెండు పక్షాలను సామాన్య జనం ఎంత చక్కగా తూచారో చూడండి!

ఒకే పక్షాన నిలిచినవారి మధ్య

ఇదే ప్రశ్న 1974లో అమెరికాలో మరొక రూపంలో తలెత్తినది. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ఆ సంవత్సరం ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను వెలువరించారు. బల్లచుట్టూ కూర్చున్నవారు తలా ఒక పాత్ర ధరిస్తారు. ఒకరు కథను నడుపుతారు. సందేహం వచ్చినచోట పాచికలు తీర్పు చెబుతాయి. మన కాశీమజిలీ కథలలోవలె రాక్షసులు, గుహలు, నిధులు అన్నీ ఉంటాయి. మొదట యోధుడు, మాంత్రికుడు, మతాచార్యుడు అనే మూడు వర్గాల పాత్రలే ఉండేవి. 1975లో దొంగ వచ్చి చేరాడు.

ఈ నలుగురినీ తూచడానికి రూపకర్తలు కాలాన్ని తక్కెడగా వాడారు. మాంత్రికుడు ఆరంభంలో బహు దుర్బలుడు. అతనికి కవచం లేదు. రోజుకు ఒక్క మంత్రమే. అది ప్రయోగించగానే స్మృతి నుండి తొలగిపోతుంది. రెండవ మెట్టు ఎక్కడానికి దొంగకు 1200 అనుభవపు పాయింట్లు, మతాచార్యుడికి 1500, యోధుడికి 2000 చాలగా, మాంత్రికుడికి 2500 కావాలి. ఈ కష్టానికి ప్రతిఫలం తరువాత వస్తుంది. అతని అగ్నిగోళం మెట్టుకొక పాచిక చొప్పున బలపడుతుంది. పదవ మెట్టున పది పాచికల అగ్ని ఒక గుంపునంతా దహిస్తుంటే, పక్కనున్న యోధుడు ఇంకా కత్తి దూస్తూనే ఉంటాడు.

కాగితం మీద ఇది న్యాయంగానే తోస్తుంది. కాని ఆడేవాడు మనిషి. ఈ వారం మాంత్రికుడి పాత్రధారి తన ఒక్క మంత్రం ఖర్చుచేసి మిగతా సాయంకాలమంతా గోళ్లు గిల్లుకొంటాడు. ఏడాది గడిచాక యోధుడి పాత్రధారికి అదే గతి పడుతుంది. సగటు సరిపోయినది గదా అని ఆ పూట ఖాళీగా కూర్చున్నవాడిని ఓదార్చలేము. పులిజూదంలో ఒక ఆట కాగానే పక్షాలు మార్చుకోవచ్చు. ఇక్కడ ఒకే పాత్రతో నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు కాపురం చేయాలి.

తూకం తప్పిన రెండు విధాలు

2000లో వచ్చిన మూడవ కూర్పు అన్ని వర్గాలకూ మెట్లెక్కే లెక్కను ఒకటే చేసినది. కాలపు తక్కెడ పోయినది. మంత్రబలం మాత్రం అలాగే ఉన్నది. పై మెట్లలో మంత్రాలు తెలిసినవారిదే రాజ్యమని ఆటగాళ్లు మొరపెట్టుకొన్నారు. 2008 నాటి నాలుగవ కూర్పు దీనికి విరుగుడుగా అందరి శక్తులనూ ఒకే అచ్చులో పోసినది. ఎల్లవేళలా వాడేవి, పోరుకొకసారి వాడేవి, రోజుకొకసారి వాడేవి అని యోధుడికీ మాంత్రికుడికీ ఒకే వరస. తూకం కుదిరినది; కాని ఎవరిని చూసినా ఒకేలా ఉన్నారన్న ఫిర్యాదు బయలుదేరినది. 2014లో అయిదవ కూర్పు మళ్లీ భేదాలకు చోటిచ్చినది.

ఈ చరిత్రను పులిజూదం పక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఎదురెదురు పక్షాలైతే గెలుపోటములే తూకపురాళ్లు. నూరు ఆటలాడి ఎవరెన్ని గెలిచారో లెక్కపెడితే చాలు. ఒకే పక్షాన నడిచేవారికి ఆ కొలత పనికిరాదు, గెలుపు అందరిదీ గనుక. అక్కడ అడగవలసిన ప్రశ్న వేరు: ఈ పూట ఇతడు లేకపోతే జరగని పని ఏదైనా ఉన్నదా?

అందుకే నేర్పరియైన కథానిర్వాహకుడు శక్తులను సరిచేయడానికి తంటాలుపడడు, సందర్భాలను సమకూరుస్తాడు. దొంగకు ఒక తాళం, యోధుడికి ఒక ఇరుకు వంతెన, మతాచార్యుడికి ఒక క్షతగాత్రుడు, మాంత్రికుడికి ఒక చదవరాని శాసనం. ఎవరి వంతు వారికి అందుతుంది. ఎవరూ మరొకరికి నకలు కారు.

నలుగురు కలిసి బతికే ప్రతి చోటా ఈ తూకం అవసరమే. ఉమ్మడి కుటుంబంలోనైనా, కార్యాలయంలోనైనా అందరికీ ఒకే పని పంచితే న్యాయమనిపిస్తుంది. ఒకరి చేతికే అన్ని పనులూ అప్పగిస్తే వేగమనిపిస్తుంది. మొదటి దానిలో నేర్పు చస్తుంది. రెండవ దానిలో మనుషులు చిన్నబుచ్చుకొంటారు. మేకకు కోరలు తొడిగి ఎవరూ పులిజూదాన్ని సరిచేయలేదు. దాని వెనుక కూడలిలో మరొక మేకను నిలబెట్టే అవకాశమిచ్చారు. అంతటితో పులికి తిరగడానికి చోటు కరువైనది.