గిటారు మూగబోతే... తప్పు ఎక్కడుందో పట్టేదెలా?

శ్రీరామనవమి పందిళ్లు, అమ్మవారి జాతరలు, క్రిస్మస్ వేడుకలు... ఊళ్లో ఏ సంబరం జరిగినా పాటకచ్చేరి ఉండాల్సిందే. ఆర్కెస్ట్రాలో గిటారు వాయించే కుర్రవాడి కాళ్ల దగ్గర రంగుదీపాలు వెలిగే ఒక పెట్టె కనిపిస్తుంది. కంపెనీవారు దాన్ని మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ అంటారు. మన వాద్యకారులు ప్రాసెసర్ అంటారు. పల్లవి ముగిసి చరణం అందుకునే వేళ ఆ పెట్టె మూగబోతే వేదిక మీదివారికి ముచ్చెమటలు పోస్తాయి. జనం ఈలలు వేస్తారు. బయానా ఇచ్చిన కమిటీవారు మిగతా సొమ్ము ఇచ్చేటప్పుడు ముఖం చిట్లిస్తారు.

వేలు పోసి కొన్న పెట్టె చెడిపోయిందని మర్నాడే పట్నం మోసుకుపోయేవారున్నారు. తీరా విప్పి చూస్తే చాలాసార్లు లోపల లోపమేమీ ఉండదు. శబ్దం నడిచే దారి ఎక్కడో తెగి ఉంటుంది. ఆ దారి తెలిస్తే బాగుచేసుకోవడం పది నిమిషాల పని.

ఏమిటీ పెట్టె?

ఎలక్ట్రిక్ గిటారు తీగల కింద రాగితీగ చుట్టిన అయస్కాంతాలు ఉంటాయి. తీగ కదలికను ఇవి సన్నని విద్యుత్తుగా మారుస్తాయి. ఆ విద్యుత్తు వైరు ద్వారా పెట్టెలోకి వెళ్లి, అక్కడ గరుకుదనం, ప్రతిధ్వని వంటి హంగులు దిద్దుకుని ఆంప్లిఫయర్‌కు చేరుతుంది.

వెనుక ఒక్కో హంగుకు ఒక్కో పెట్టె ఉండేది. 1962లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన మేస్ట్రో ఫజ్ టోన్ గరుకుదనం ఒక్కటే ఇచ్చేది. 1988లో జపాన్‌కు చెందిన బాస్ కంపెనీ ఎంఈ-5 పేరిట కొన్ని హంగులను ఒకే పెట్టెలో కూర్చింది. ఇప్పటి పెట్టెల్లో పదుల కొద్దీ ఉంటాయి.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. విడివిడి పెట్టెల కాలంలో ఊడిన వైరు కంటికి కనిపించేది. ఇప్పుడు ఆ వైర్లన్నీ పెట్టె జ్ఞాపకంలో ఉన్నాయి. కాలితో ప్యాచ్ మార్చితే లోపలి దారి కూడా మారిపోతుంది. అందుకే ఒక ప్యాచ్‌లో బాగా పలికిన గిటారు మరోదానిలో పలకదు.

గట్టు వెంట నడిచినట్లు...

శివారు పొలానికి నీరందకపోతే రైతు తూము దగ్గర మొదలుపెట్టి కాలువ గట్టు వెంట నడుస్తాడు. ఇక్కడా అంతే. తోచిన మీటలన్నీ తిప్పకూడదు. వరుసగా చూసుకుంటూ పోవాలి.

మొదట ఆంప్లిఫయర్ వాల్యూం బాగా తగ్గించి, పెట్టెను పక్కనపెట్టి, గిటారు వైరును నేరుగా ఆంప్లిఫయర్‌కు తగిలించాలి. మోగకపోతే ముందుగా వైరు మార్చి చూడాలి. మడతపడే చోట, జాక్ దగ్గర టంకం ఊడడం మామూలే. మోగితే గిటారు, వైరు, ఆంప్లిఫయర్ మూడూ మంచివే.

తరువాత పెట్టెను మధ్యలో పెట్టాలి. గిటారు వైరు ఇన్‌పుట్‌లోనే ఉందో లేదో చూడాలి. పెట్టెలోని ట్యూనర్ నొక్కి తీగ మీటితే ముల్లు కదలాలి. కదిలితే శబ్దం లోపలికి వస్తున్నట్లే. తప్పు ఆపైన ఉందన్నమాట. అయితే ట్యూనర్ పనిచేస్తున్నంతసేపు చాలా పెట్టెలు బయటికి శబ్దం రానివ్వవు. పొరపాటున కాలు తగిలి ట్యూనర్ నొక్కుకుపోయి గిటారు ఆగిన సందర్భాలూ ఉంటాయి.

పక్కనుండే పెద్ద పెడల్‌ను కూడా మరవకూడదు. అది వాల్యూంకు పెట్టి ఉండి, మడమ వైపు పూర్తిగా వంగి ఉంటే శబ్దం సున్నా.

అవుట్‌పుట్ రంధ్రాలు రెండు ఉంటాయి. ఒకటే వైరు ఉన్నప్పుడు ఎడమ లేదా మోనో అని రాసి ఉన్నదానికే తగిలించాలి. రెండోదానికి తగిలిస్తే కొన్ని ప్యాచ్‌లలో సగం శబ్దమే వస్తుంది.

అన్నీ సరిగా ఉన్నా మోగకపోతే ఆ ప్యాచ్‌లోని హంగులన్నీ ఆపి, ఒక్కొక్కటే వేయాలి. ఏది వేయగానే శబ్దం ఆగిందో తప్పు అక్కడుంది. సెండ్, రిటర్న్ అనే రంధ్రాలున్న పెట్టెల్లో ఇది తరచూ జరుగుతుంది. ప్యాచ్ శబ్దాన్ని సెండ్ ద్వారా బయటికి పంపుతుంది. రిటర్న్‌లో వైరు లేకపోతే వెళ్లిన శబ్దం తిరిగి రాదు. ఆ లూప్‌ను ఆపితే చాలు, గిటారు పలుకుతుంది.

పలికినా బాగుండకపోతే...

శబ్దం తేనెటీగల రొదలా ఉంటే అవుట్‌పుట్ అమరిక చూడాలి. గిటారు ఆంప్లిఫయర్‌కు ఒక అమరిక, మైక్‌సెట్ మిక్సర్‌కు మరో అమరిక ఉంటాయి. మిక్సర్‌కు నేరుగా ఇచ్చేటప్పుడు స్పీకర్ పెట్టె గుణాన్ని అనుకరించే క్యాబినెట్ అమరిక వేసుకోవాలి. వరుస కూడా ముఖ్యమే. సాధారణంగా గరుకుదనం ముందు, ప్రతిధ్వని తరువాత ఉంటాయి. తారుమారైతే ప్రతిధ్వని బురదనీరులా కలగాపులగమవుతుంది.

అడాప్టర్ విషయంలో జాగ్రత్త అవసరం. చాలా పెట్టెలకు 9 వోల్టులు కావాలి, పిన్ను నడిమి భాగం నెగటివ్ కావాలి. బజారులో దొరికే అడాప్టర్లలో చాలావాటికి నడిమి భాగం పాజిటివ్. పెట్టె మీద అచ్చువేసిన గుర్తు చూడకుండా తగిలిస్తే పెట్టె కాలిపోవచ్చు.

ఎర్త్ పిన్ను విరవకండి

గుయ్‌మని రొద వస్తే కొందరు మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్నును విరిచేస్తారు. రొద తగ్గుతుంది కానీ ప్రాణానికే ముప్పు. గిటారు తీగలు వైరు ద్వారా ఆంప్లిఫయర్ ఎర్త్‌తో కలిసే ఉంటాయి. చేయి తీగల మీద, పెదవి మైకు మీద ఉన్నప్పుడు ఏదో ఒకదాని ఎర్త్ తెగి, ఇనుప భాగానికి కరెంటు పాకితే 230 వోల్టులు గుండెమీదుగా పోతాయి. 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వే వేదిక మీద మైకు తాకి విద్యుదాఘాతంతో మరణించారు. ఆ మైకుకు ఎర్త్ లేదు.

రొద పోవాలంటే గిటారు పెట్టెకు, ఆంప్లిఫయర్‌కు, మిక్సర్‌కు ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వాలి. అప్పటికీ పోకపోతే పెట్టెకు, మిక్సర్‌కు మధ్య డీఐ బాక్సు పెట్టి దాని గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కాలి. అది శబ్దపు వైరు ఎర్త్‌నే విడదీస్తుంది, ప్లగ్గు ఎర్త్‌ను తాకదు. బోర్డు ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెడితే ప్రమాదవేళ కరెంటు తక్షణం ఆగుతుంది.

ఏదీ తోచక ఫ్యాక్టరీ రీసెట్ నొక్కితే నెలల తరబడి చేసుకున్న ప్యాచ్‌లన్నీ చెరిగిపోతాయి. ముందే కాగితం మీద రాసుకోవాలి, వీలుంటే కంప్యూటర్‌లో దాచుకోవాలి. కచ్చేరికి వెళ్లేటప్పుడు అదనంగా రెండు వైర్లు, ఒక అడాప్టర్ సంచిలో ఉండాలి. ఉత్సవ కమిటీవారు కూడా మైక్‌సెట్‌వారికి బయానా ఇచ్చే ముందే ఎర్త్ ఎక్కడ వేస్తారని, జనరేటర్‌కు ఎర్త్ ఉందా అని అడిగి తెలుసుకోవాలి.